గట్టు లోపలి కేన్సర్, గట్టు దాటిన కేన్సర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఒక చిన్న పాథాలజీ ల్యాబ్‌లో 14 ఏళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన ముక్కని మైనంలో పోతపోసి, పలచగా కోసి, రంగులద్ది డాక్టరు గారి మైక్రోస్కోప్ కిందికి చేర్చడం నా పని. రొమ్ము ముక్క రిపోర్టు కోసం వచ్చే ఆడవాళ్లు కౌంటరు దగ్గర అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఒకరోజు మా పిన్ని కూడా అదే కౌంటరు ముందు నిలబడి అవే అడిగింది. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివాను, అర్థం కానివి మా డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నాను. ఏ వైద్యం చేయించుకోవాలో మీ డాక్టరే చెప్పాలి. లోపల జరిగేది కాస్త తెలిస్తే ఆయన చెప్పేది తేలిగ్గా బుర్రకెక్కుతుందని ఇదంతా రాస్తున్నాను.

రిపోర్టులో డీసీఐఎస్ అని ఉందండి. ఇది కేన్సరేనా?

కేన్సర్ కణాలేనండి. కానీ పుట్టిన చోటు దాటి ఇంకా బయటికి రాలేదు.

డీసీఐఎస్ అంటే డక్టల్ కార్సినోమా ఇన్ సిట్యూ. ఇన్ సిట్యూ అనే లాటిన్ మాటకి ఉన్నచోటే అని అర్థం. రొమ్ములో పాలు వచ్చే సన్నని గొట్టాలుంటాయి. వాటి లోపలి వరసలోని కణాలు చెడి, గొట్టం నిండా పెరిగిపోయాయన్నమాట. మన పంటకాలువ నిండా గుర్రపుడెక్క పట్టినట్టు అనుకోండి. కాలువ పాడైంది, చేలోకి మాత్రం ఏమీ రాలేదు. దీన్ని స్టేజి 0 అంటారు. రక్తనాళాలూ లింఫ్ నాళాలూ ఈ గొట్టానికి బయట ఉంటాయి. అందుకే గొట్టం లోపల ఉన్నంతసేపు ఈ కణాలకి చంకలోని గ్రంథులకో ఎముకలకో పోవడానికి దారి దొరకదు.

మరి ఇన్వేజివ్ అంటే?

గొట్టం గట్టు తెగి, కణాలు చుట్టూ ఉన్న కణజాలంలోకీ కొవ్వులోకీ చొరబడితే అది ఇన్వేజివ్. బయటపడిన భాగం 1 మిల్లీమీటరు లోపే ఉంటే మైక్రోఇన్వేజన్ అని రాస్తారు.

ఈ గట్టు ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే కథంతా దీని మీదే నడుస్తుంది. గొట్టం లోపలి కణాల చుట్టూ మయోఎపిథీలియల్ కణాలు అని ఒక వరస ఉంటుంది. బిడ్డ పాలు తాగేటప్పుడు గొట్టాన్ని పిండి పాలు ముందుకి తోసేది ఇవే. వీటి వెనక బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పొర ఉంటుంది. కొలాజెన్ 4, లామినిన్ అనే ప్రొటీన్లతో అల్లిన పొర అది. మందం మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. ఆత్రేయపురం పూతరేకు దాని ముందు గోనెసంచి లాంటిది.

అంత పలచని పొర తెగిందో లేదో మామూలు రంగులతో ఒక్కోసారి తేలదు. అప్పుడు పీ63 అనే ప్రత్యేకమైన స్టెయిన్ వేస్తాం. అది మయోఎపిథీలియల్ కణాల కేంద్రకాలకి పట్టుకుని గోధుమరంగు చుక్కల్లా కనిపిస్తుంది. గొట్టం చుట్టూ ఆ చుక్కలు కాలువగట్టు మీద కొబ్బరిచెట్ల వరసలా నిలబడి ఉంటే ప్రాణం కుదుటపడుతుంది. వరసే లేకుండా కణాల గుంపులు కనిపిస్తే డాక్టరు గారు కళ్లద్దాలు సరిచేసుకుని ఇంకోసారి చూస్తారు. ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఆ స్లైడు ఆయన చేతికి ఇచ్చేటప్పుడు నాకు ఇప్పటికీ టెన్షనే.

గట్టుకి గండి ఎలా పడుతుంది?

ఏటిగట్టుకి గండి ఎలా పడుతుందో మన ఊళ్లో ఏ పెద్దాయన్ని అడిగినా ఒక్క కారణం చెప్పడు. వరద ఉధృతి ఉంటుంది. ఎలుకలూ పీతలూ చేసిన బొరియలుంటాయి. ఎవరో గట్టు మట్టి తవ్వుకుపోయి ఉంటారు. అవతలివైపు నెలల నుంచి ఊట కారుతూ ఉంటుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. రొమ్ములోనూ అచ్చం ఇలాగే, లోపలి ఒత్తిడీ గట్టు బలహీనతా బయటి నేల స్వభావమూ మూడూ కలుస్తాయి.

ముందు లోపల. కణాలు కిక్కిరిసి పెరిగేసరికి గొట్టం నడిమధ్యకి ప్రాణవాయువు అందదు. రక్తనాళాలు బయటే కదా. మధ్యలో కణాలు చచ్చి మురిగిపోతాయి. అక్కడ చేరే సున్నపు రేణువులే మామోగ్రామ్‌లో తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. గడ్డ చేతికి తగలకముందే డీసీఐఎస్ బయటపడేది ఎక్కువగా ఈ చుక్కల వల్లే. మిగిలిన కణాలు ఆ ఊపిరాడని చోట బతకడానికి తీరు మార్చుకుంటాయి. పక్క కణాన్ని గట్టిగా పట్టుకుని ఉండే గుణం కొన్నిట్లో సడలుతుంది, కదిలే గుణం పెరుగుతుంది.

తర్వాత గట్టు. ఆరోగ్యంగా ఉన్న మయోఎపిథీలియల్ కణాలు ఊరికే నిలబడి ఉండవు. పొరకి కావలసిన లామినిన్‌ని అవే తయారుచేస్తాయి, పొరని కొరికే ఎంజైములకి అడ్డుపడే ప్రొటీన్లనీ వదులుతాయి. గట్టుకి కాపలాదారూ మరమ్మతు కూలీ కూడా అవేనన్నమాట. డీసీఐఎస్‌లో వీటి జన్యువుల పనితీరు మారిపోతుందని బోస్టన్‌లో కోర్నేలియా పోల్యాక్ గారి బృందం చూపించింది. కాపలా సడలిన చోట ఎంఎంపీలనే ఎంజైములు కొలాజెన్‌ని తుంచుతాయి.

ఇక బయటి నేల. గొట్టం చుట్టూ ఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలుంటాయి. మామూలప్పుడు దెబ్బ తగిలిన చోట మాన్పడం వాటి పని. కేన్సర్ కణాల సంకేతాలు అందుకుంటే ఇవి కొలాజెన్ నారని ఎక్కువెక్కువగా పేనడం మొదలుపెడతాయి. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ నారల్ని ఒకదానికొకటి ముడివేసి బిగదీస్తుంది. నేల గట్టిపడుతుంది, నారలు తాళ్లలా వరసగా సాగుతాయి. బయటికొచ్చిన కణాలకి ఆ తాళ్లే బాట. కాపాడాల్సిన రోగనిరోధక కణాల్లో కొన్ని, ముఖ్యంగా మాక్రోఫేజ్‌లు, ఒక్కోసారి అటువైపు చేరిపోయి ఎంజైములు అందిస్తాయి.

కేన్సర్ అంటే చెడ్డ కణం, అంతే అనుకునేదాన్ని నేను. ఇది చదివాక రోజూ కోసే ముక్కలో ఆ కణం చుట్టూ ఉన్న చోటుని కూడా చూడటం నేర్చుకున్నాను.

బయటికి వెళ్లే కణాలు లోపలున్నవాటికన్నా వేరేవా? కొత్తగా ఇంకేదైనా జన్యువు చెడాలా?

చాలాకాలం అలాగే అనుకున్నారు. లోపల లక్ష కణాలుంటే, కొత్తగా ఒక జన్యువు చెడిన ఒక్క మహా ముదురు కణం గట్టు తెంచుకుని పోతుందని, బయటి గడ్డంతా దాని సంతానమేనని.

2018లో అమెరికాలో ఎండీ ఆండర్సన్ కేన్సర్ సెంటర్‌లోని నికొలస్ నావిన్ బృందం దీన్ని కణం కణంగా పరీక్షించింది. గొట్టం లోపలి భాగమూ బయటి భాగమూ రెండూ ఉన్న 10 మంది రోగుల ముక్కలు తీసుకున్నారు. ఏ కణం ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటూ లేజర్‌తో ఒక్కొక్కటిగా కోసి, మొత్తం 1,293 కణాల డీఎన్ఏ చదివారు. ఒకే కణం సంతానాన్ని ఒక తెగ అనుకుంటే, బయట కనిపించిన తెగలన్నీ లోపల ముందే ఉన్నాయి. పైగా ఒక్క తెగ కాదు, చాలామందిలో రెండు మూడు తెగలు కలిసే బయటికి వచ్చాయి.

గండి పడ్డప్పుడు ఒక్క చుక్క పారిపోదు కదా, కాలువలో ఉన్న నీళ్లన్నీ కలిసి పోతాయి. జన్యువులు చెడటమనేది చాలావరకు కాలువ లోపలే, గండికి ముందే జరిగిపోయింది. అందువల్లే పరిశోధకుల చూపు ఇప్పుడు గట్టు మీదకీ చుట్టూ ఉన్న నేల మీదకీ మళ్లింది.

రొమ్ము కేన్సర్‌లో తరచూ చెడే టీపీ53, పీఐకే3సీఏ, గాటా3 లాంటి జన్యువులు డీసీఐఎస్‌లోనూ చెడి కనిపిస్తాయి. హెర్2 జన్యువు అతిగా పెరగడం అయితే బయటపడ్డ కేన్సర్లలో కన్నా డీసీఐఎస్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ముదిరేకొద్దీ పెరగాలి కదా అనిపిస్తుంది. హెర్2 ఉన్నంత మాత్రాన గట్టు తెగుతుందని చెప్పలేమని దీన్నిబట్టే తెలుస్తుంది.

గట్టు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదేగా?

నేనూ అదే అనుకున్నాను. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు డీసీఐఎస్ ముక్కల మీద ఒకేసారి 37 ప్రొటీన్లని గుర్తించే ఇమేజింగ్ చేశారు. తర్వాతి ఏళ్లలో ఎవరికి ఇన్వేజివ్ కేన్సర్ వచ్చింది, ఎవరికి రాలేదు అని పోల్చారు. కేన్సర్ రానివాళ్లలోనే మయోఎపిథీలియల్ వరస ఎక్కువగా పలచబడి, తెగి ఉంది. వచ్చినవాళ్లలో అది ఇంకాస్త దిట్టంగా ఉంది.

తలకిందులుగా ఉంది కదా! గట్టు కాస్త చితికితే చుట్టుపక్కల కణాలు ముందే మేల్కొని ఎదురు తిరుగుతాయేమో, ఆ చితకడమే ఒక రక్షణ కావచ్చు అని వాళ్ల ఆలోచన. గట్టు మీద ఊట కనపడగానే ఊరంతా ఇసుక బస్తాలతో పరుగెత్తినట్టు. ఇది ఇంకా పెద్ద సంఖ్యలో రోగుల మీద గట్టిపడాల్సిన మాటే. మీ రిపోర్టులో గట్టు గురించి ఉన్న ఒక్క వాక్యం చూసి మీకు మీరే భయపడకండి, ధైర్యమూ పడిపోకండి.

డీసీఐఎస్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ముదురుతుందా?

లేదండి. దొరికితే తీసేస్తారు కాబట్టి, వదిలేస్తే ఏమవుతుందో చూసే అవకాశం తక్కువ. అమెరికాలోని నాష్‌విల్‌లో పాత బయాప్సీలు తిరగేస్తే, అప్పట్లో మామూలు గడ్డ అనుకుని వదిలేసిన తక్కువ గ్రేడు (గ్రేడు అంటే కణాల రూపు ఎంత చెడిందన్న లెక్క) డీసీఐఎస్ 28 మందిలో కనిపించింది. కొన్ని దశాబ్దాలు వాళ్లని గమనిస్తే 11 మందికి అదే రొమ్ములో ఇన్వేజివ్ కేన్సర్ వచ్చింది. 17 మందికి రాలేదు. గ్రేడు ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ, త్వరగా కూడా.

వైద్యం చేయించుకున్నవాళ్ల సంగతి చాలా ధైర్యాన్నిస్తుంది. 2015లో కెనడా పరిశోధకులు స్టీవెన్ నారోడ్ బృందం అమెరికాలోని 1,08,196 మంది డీసీఐఎస్ మహిళల రికార్డులు చూశారు. 20 ఏళ్లలో రొమ్ము కేన్సర్‌తో చనిపోయినవాళ్లు 3.3 శాతం. 35 ఏళ్లలోపు వచ్చినవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ, కాబట్టి చిన్నవయసులో వస్తే అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

గోదావరికి ధవళేశ్వరం దగ్గర కొలత ఉంది. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్లు ఎప్పుడు పశువుల్ని తోలుకుని గట్టెక్కాలో ఆ అంకెని బట్టే నిర్ణయించుకుంటారు. డీసీఐఎస్‌కి అంత కచ్చితమైన కొలత ఇంకా లేదు. గ్రేడు, సైజు, వయసు, హార్మోన్ రిసెప్టర్లు (కణం మీద హార్మోన్‌ని అందుకునే ప్రొటీన్లు) చూసి అంచనా వేస్తారు. 12 జన్యువుల పనితీరు చూసి మళ్లీ వచ్చే ప్రమాదాన్ని అంచనా వేసే పరీక్షా ఉంది. నేను పైన చెప్పిన అణుస్థాయి పరిశోధనంతా అలాంటి కొలతరాయి నాటడానికేనని నేను నమ్ముతున్నాను. నెదర్లాండ్స్‌లో యెల్లె వెస్సెలింగ్ నాయకత్వంలో నడిచిన ప్రెసిషన్ అనే పెద్ద ప్రాజెక్టు ఉద్దేశం కూడా ఇదే.

అయితే ఆపరేషన్ మానేసి, చూస్తూ ఉండొచ్చా?

ఈ ప్రశ్న ఫోన్లలో వార్తలు చూసి అడుగుతున్నారు. వార్త నిజమే. కామెట్ అనే అమెరికా ట్రయల్‌లో తక్కువ ప్రమాదం ఉన్న డీసీఐఎస్ మహిళలు 957 మంది చేరారు. సగంమందికి మామూలుగా ఆపరేషన్, సగంమందికి ఆరు నెలలకోసారి మామోగ్రామ్ చూస్తూ గమనించడం. 2024 డిసెంబరులో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్లలో ఇన్వేజివ్ కేన్సర్ కనిపించింది ఆపరేషన్ వైపు 5.9 శాతం మందిలో, గమనించినవైపు 4.2 శాతం మందిలో.

కానీ ఒక్క మాట. వాళ్లందరూ 40 దాటినవాళ్లు, తక్కువ లేదా మధ్యరకం గ్రేడువాళ్లు, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్. చాలామంది హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు కూడా వాడారు. రెండేళ్లన్నది ఈ జబ్బుకి చాలా తక్కువ కాలం. పైగా ఆరు నెలలకోసారి క్రమం తప్పకుండా మామోగ్రామ్. మన దగ్గర కోత రోజులొచ్చినా, పిల్ల పురుడొచ్చినా అమ్మలు ముందు మానేసేది తమ చెకప్పే. అలాంటి పరిస్థితిలో చూస్తూ ఉండటం కాస్తా చూడకుండా ఉండటం అయిపోతుంది. డాక్టరు తీసేయాలన్నారంటే ఈ వార్త చూపించి వాయిదా వేయకండి.

ఆపరేషన్, కరెంటు అన్నీ అయ్యాక మళ్లీ వస్తే పాతదే మిగిలినట్టా?

మనవాళ్లు కరెంటు పెట్టడం అనే రేడియేషన్, గడ్డ మాత్రమే తీసిన రొమ్ములో మళ్లీ వచ్చే అవకాశాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. అయినా కొందరికి వస్తుంది. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మొదటి డీసీఐఎస్‌నీ తర్వాత వచ్చిన కేన్సర్‌నీ జన్యువులతో పోలిస్తే 75 శాతం పాతదాని సంతానమే. 18 శాతం మాత్రం దానితో ఏ చుట్టరికమూ లేని కొత్తది. కాబట్టి మళ్లీ వచ్చిన ప్రతిసారీ సర్జన్ సరిగ్గా తీయలేదని అనేయకూడదు. రెండో రొమ్ముకి కూడా ఏటేటా చెకప్ ఎందుకో కూడా ఇందులోనే ఉంది.

సూది గుచ్చితే, ముక్క తీస్తే గట్టు తెగి పాకుతుందట కదా?

పాకదండి. సూది పరీక్ష వల్ల జబ్బు ముదిరి ప్రాణం మీదకి రావడం జరగదు. ఈ భయంతో పరీక్ష ఆరు నెలలు వాయిదా వేసి వచ్చినవాళ్లని చూశాను. ముదిరింది ఆ ఆరు నెలల్లోనే.

మన దగ్గర డీసీఐఎస్ అనే మాటే పెద్దగా వినపడదు. ఎందుకు?

క్రమం తప్పకుండా మామోగ్రామ్ తీసే దేశాల్లో కొత్తగా కనిపెట్టే రొమ్ము కేన్సర్లలో ఐదో వంతుకి పైగా డీసీఐఎస్ ఉంటుంది. మన ల్యాబ్‌కి వచ్చేవి చాలావరకు చేతికి తగిలిన గడ్డలు, అంటే గండి పడ్డాక వచ్చినవి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1 లక్షా 92 వేల మందికి రొమ్ము కేన్సర్ కొత్తగా వచ్చింది, సుమారు 98 వేల మంది చనిపోయారు. అక్కడివాళ్ల బాధ అక్కర్లేని ఆపరేషన్లు ఎక్కువైపోతున్నాయని. మన బాధ అక్కరున్న ఆపరేషన్ ఆలస్యమైపోతోందని. పరిశోధన ఒక్కటే, అవసరాలు మాత్రం రెండు వైపులా ఉన్నాయి.

మామోగ్రామ్ లేకపోయినా ఒక దారి ఉంది. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు 35 నుంచి 64 ఏళ్ల మహిళలు లక్షా 51 వేల మంది మీద 20 ఏళ్లు అధ్యయనం చేశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 50 దాటినవాళ్లలో రొమ్ము కేన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలి. ఏఎన్ఎం అమ్మాయి మీ వీధికి వచ్చినప్పుడు బీపీ, షుగర్ చూపించుకుని సిగ్గుపడి దీన్ని మాత్రం వద్దనకండి.

రొయ్యల చెరువులూ పురుగుమందుల వల్లే మా ఊళ్లో కేన్సర్లు పెరిగాయా?

రొమ్ము కేన్సర్‌కి గట్టిగా తేలిన కారణాలు చెప్తాను: వయసు, దగ్గరి రక్తసంబంధుల్లో ఉండటం, బ్రాకా1, బ్రాకా2 జన్యు లోపాలు, మొదటి కాన్పు ఆలస్యం కావడం, పాలివ్వకపోవడం, నెలసరి ఆగాక బరువు పెరగడం, మద్యం. చెరువుల నీటి సమస్య నిజమైనదే, దాని మీద అడగాల్సిందే. కానీ అందరం కాలువ వైపే చూస్తూ ఇంట్లో అమ్మమ్మకీ అమ్మకీ ఉన్న జబ్బు సంగతి డాక్టరుకి చెప్పడం మర్చిపోతున్నాం.

కేన్సర్ పరిశోధనంతా విదేశాల్లోనేనా? మనవాళ్ల చెయ్యి లేదా?

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎలా మర్చిపోతామండి! ఆయన రాజమండ్రిలో చదువుకున్నారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే కణం పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందుల్ని తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1951లో జేన్ రైట్ అనే వైద్యురాలు అది రొమ్ము కేన్సర్ మీద పనిచేస్తుందని చూపించారు. తర్వాత దశాబ్దాల పాటు సీఎంఎఫ్ అనే కీమోలో ఎం అక్షరం అదే. 1948లో పోయిన ఆయన అదంతా చూడలేదు. కౌంటరు దగ్గర ఎవరైనా మన ఊళ్లవాళ్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అంటే ఆయన పేరే చెప్తాను.

గండి పడకుండా ఆపే మందు ఉందా?

హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ అయితే టామాక్సిఫెన్ లాంటి మాత్రలు మళ్లీ వచ్చే అవకాశాన్ని తగ్గిస్తాయి. హెర్2 డీసీఐఎస్‌కి రేడియేషన్‌తో పాటు హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇచ్చి ఒక పెద్ద ట్రయల్ చేశారు. ఆశించినంత తేడా రాలేదు. ఎంఎంపీ ఎంజైముల్ని ఆపే మందులు కూడా ముదిరిన కేన్సర్ల మీద గతంలో ప్రయత్నించి విఫలమయ్యారు. గట్టుని నిలబెట్టే మందు ఇంకా చేతికి రాలేదు.

ముక్కని ల్యాబ్‌కి మమ్మల్నే తీసుకెళ్లమంటున్నారు. ఏం చూసుకోవాలి?

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. మా అమ్మకి రొమ్ము కేన్సర్ వచ్చింది కాబట్టి, నా పోరు పడలేక పిన్ని మామోగ్రామ్ తీయించుకుంది. సున్నపు చుక్కలు కనిపించాయి. ఒక ఆసుపత్రిలో సూదితో ముక్క తీసి, సెలైన్ నీళ్లు పోసిన సీసాలో వేసి బాబాయి చేతికిచ్చారు. ఆదివారం అడ్డొచ్చింది. నా దగ్గరికి చేరేసరికి ముక్క మెత్తబడి పాడైపోయింది. ఏ స్టెయినూ సరిగ్గా పట్టలేదు. పిన్నికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఆ రోజు నేను ఏడ్చాను.

ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో ఉండాలి. సెలైన్‌లో కాదు, ఉత్త సీసాలో కాదు, ఐసులో అసలే కాదు. ముక్క పూర్తిగా మునిగి, దాని చుట్టూ బాగా ద్రవం ఉండాలి. సీసా మీద పేరు, ఏ వైపు రొమ్ము, తీసిన టైము రాసి ఉండాలి. ఘాటు వాసన వస్తే కంగారుపడకండి, ఆ వాసన రాకపోతేనే అడగండి. అదే రోజు చేర్చండి.

రిపోర్టు తీసుకున్నాక మైనపు బ్లాకు కూడా అడగండి. అదే అసలు సాక్ష్యం. రెండో అభిప్రాయానికి కాకినాడ జీజీహెచ్‌కి వెళ్లినా, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, వాళ్లు అడిగేది బ్లాకే. నేను పైన చెప్పిన అధ్యయనాల్లో కొన్ని ఏళ్ల తరబడి అల్మారాల్లో దాచిన ఇలాంటి మైనపు ముక్కల మీదే జరిగాయి. ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, కరిగిపోతుంది.

మీ పిన్ని ఇప్పుడెలా ఉన్నారు?

రెండో ముక్కలో హై గ్రేడు డీసీఐఎస్ అని వచ్చింది. పీ63 స్లైడు నేనే వేశాను. గోధుమరంగు వరస ఎక్కడా తెగలేదు. గడ్డ ఉన్న మేరకి తీశారు, కరెంటు పెట్టారు, టామాక్సిఫెన్ వాడుతోంది. ఏటా సంక్రాంతి సందడి అయిపోయి, అల్లుళ్లు వెళ్లిన మర్నాడే మామోగ్రామ్‌కి బయల్దేరుతుంది. మొన్న జనవరిలో తీసింది నాలుగోది, శుభ్రంగా ఉంది. ఈసారి తనతో పాటు వాళ్ల వీధిలోని ఇద్దరు వదినల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.